ఊరి చుట్టూ ఉన్న ఊళ్ళు

కొన్ని సంవత్సరముల క్రిందట కరీంనగరమున ఒక ఇంటి కొరకు వెదకుచు మేము పాత వాడలలో తిరుగుచుంటిమి. చేతిలో చిరునామా ఉన్నది. ఇంటి సంఖ్యయు ఉన్నది. కాని ఆ సంఖ్యలు ఒక వరుసలో లేవు. చివరకు అరుగుపై కూర్చుండి బియ్యము ఏరుచున్న ఒక ముసలవ్వను అడిగితిమి. ఆమె చాట మీదనుండి చూపు తీయకుండనే, "గా చింతచెట్టు కాడ తిరుగు బిడ్డా, బాయి దాటినంక రెండో ఇల్లు" అని చెప్పినది. మేము ఆ మూల వరకు పోయి చూచితిమి. చింతచెట్టు లేదు, బావియు లేదు. తిరిగి వచ్చి అడుగగా ఆమె నవ్వి, "చెట్టు కొట్టి ముప్పై ఏండ్లాయె, బాయి పూడ్చి ఇరువై ఏండ్లాయె. అయినా అందరం అట్లనే అంటం" అనినది. లేని చెట్టును, లేని బావిని ఆనవాలు పట్టుకొని మేము ఆ ఇల్లు చేరుకొంటిమి.

మరియొక మాట కూడ చెప్పవలెను. ఒకనాడు మా కేంద్రమునకు వచ్చిన ఒక కళాశాల విద్యార్థిని, "మీ పేటను గురించి ఐదు నిమిషములు మాటలాడగలవా?" అని అడిగితిమి. అతడు వెంటనే, "మాది కొత్త కాలని సార్. దానికి చరిత్ర ఏముంటది?" అనినాడు. అది వినయముతో చెప్పిన మాటయే. ఐనను ఆ మాట మాకు చాలకాలము మనస్సులో మెదలుచు వచ్చినది. అవ్వకు లేని చెట్టు కనబడుచున్నది. పిల్లవానికి ఉన్న ఊరు కనబడుట లేదు. ఈ ప్రసంగము ఆ రెండు మాటల నడుమనున్న దూరమును గురించినది.

చరిత్ర అనగానే మనకు కోటలు, రాజులు, యుద్ధములు తోచును. పట్టణ చరిత్ర అన్నచో పట్టణము నడుమనున్న గడియారపు స్తంభము, కచేరీలు, పెద్ద బజారు గుర్తునకు వచ్చును. శివార్లను గురించి ఎవరును అడుగరు. అవి నిన్న మొన్న వెలసినవని, పట్టణము పెరిగి పెరిగి అక్కడి వరకు వచ్చినదని అనుకొందురు. కాని ఉత్తర తెలంగాణమున ఈ లెక్క తలక్రిందులుగా ఉన్నది. ఇచ్చట పలుచోట్ల నడుమనున్నదే కొత్తది, చుట్టునున్నవే పాతవి.

కరీంనగరమునే తీసికొందము. సిరిసిల్ల దారిలో పది పన్నెండు కిలోమీటర్లు పోయినచో, మానేటి ఒడ్డున, తాటివనముల నడుమ ఒక కొండయు, కొండపై ఒక కోటయు కనబడును. అది ఎలగందుల. పూర్వము దీనిని వెలిగందుల అనెడివారు. కాకతీయులు, బహమనీలు, కుతుబ్‌షాహీలు, మొగలులు, ఆసఫ్‌జాహీలు ఒకరి తరువాత ఒకరు దీనిని ఏలిరి. కోటలో నీలకంఠస్వామి ఆలయమున్నది, మసీదు ఉన్నది, ఊరి సమీపమున రెండు మీనారులు నిలిచియున్నవి. కోటనుండి మానకొండూరు వరకు భూగర్భమున ఒక సొరంగమున్నదని జనులు చెప్పుకొనెడి కథ కూడ ఉన్నది. సొరంగము సంగతి ఎట్లున్నను, ఒక సంగతి మాత్రము నిజము. 1905వ సంవత్సరము వరకు జిల్లాకు కేంద్రము ఎలగందులయే. జిల్లాను కూడ ఎలగందుల జిల్లా అనియే పిలిచెడివారు. నేటి ఈ మహాపట్టణము ఆనాడు దానికి పొరుగూరు.

1905లో జిల్లా కేంద్రము కరీంనగరమునకు మారినది. సయ్యద్ కరీముల్లా షా అను ఆయన పేర ఈ ఊరు వెలసినదని ప్రతీతి. కచేరీ కదలినప్పుడు కాగితములు మాత్రమే కదలవు. వకీళ్ళు కదలుదురు, గుమాస్తాలు కదలుదురు, వారి వెనుక వర్తకులు, వారి వెనుక చేతిపనివారు కదలుదురు. సన్నని వెండి తీగను మెలివేసి పూలు, ఆకులు, పన్నీరుబుడ్లు చేయు కరీంనగరపు వెండి తీగపని నేడు ప్రసిద్ధమైనది; 2007లో భౌగోళిక సూచిక గుర్తింపును కూడ పొందినది. ఆ పనికి పుట్టినిల్లు ఎలగందులయే అని చెప్పుదురు. మనము కరీంనగరపు పని అనుచున్న దానిలో ఎలగందుల చేతివాటము దాగియున్నది. తల్లివంటి ఊరు తన సొమ్ములను కూతురికి పెట్టి, తాను కొండ నీడన మౌనముగా కూర్చున్నది.

పట్టణములోనికి వచ్చి చూచినను, పేరులే చరిత్రను చెప్పును. కొత్తవారికి దారి చెప్పునప్పుడు మనము ఈనాటికిని కమాను అందుము, గంజి అందుము, టవరు అందుము. కమాను అనగా తోరణద్వారము. ఊరికి ఒక వాకిలి ఉండెడిదని ఆ మాటయే చెప్పుచున్నది. గంజి అనగా ధాన్యపు అంగడి. కాశ్మీర్‌గడ్డ, కార్ఖానగడ్డ అను పేరులలోని గడ్డ ఎత్తైన నేలకు తెలుగువాడు పెట్టిన పేరు. ముకరంపుర, హుస్సేనిపురలలోని పుర ఉర్దూ నోట పలికిన పురము. మంకమ్మతోటలో ఒక తోటయున్నది, ఆ తోటకు ఒక స్త్రీ పేరున్నది. వావిలాలపల్లిలో వావిలి పొదలున్నవి. చింతకుంటలో చింతయు, కుంటయు రెండును ఉన్నవి. తీగలగుట్టపల్లిలో ఒక గుట్ట ఉన్నది. ఈ పేరులు పెట్టినవారు పండితులు కారు. కంటికి కనబడిన చెట్టును, నీటిని, గుట్టను పేరుగా పెట్టుకొన్న సామాన్యులు. అందుచేతనే ఆ పేరులు అబద్ధమాడవు. చెట్టు పోవచ్చును, కుంట పూడవచ్చును. అచ్చట చెట్టు, కుంట ఉండెడివని పేరు సాక్ష్యము చెప్పుచునే యుండును. మా ముసలవ్వ చేసినదియు ఆ పనియే.

కొత్త పేటలకును తమవైన సంగతులు లేకపోలేదు. కరీంనగరపు ప్రభుత్వ కళాశాలకు 1959లో ప్రధానాచార్యులుగా వచ్చినవారు కవిసమ్రాట్ విశ్వనాథ సత్యనారాయణ. కృష్ణాతీరపు ఆ మహాకవి రెండేండ్లు మానేటి ఒడ్డున కాపురమున్నారు. ఆయన దగ్గర చదివిన విద్యార్థుల ముచ్చట్లు కొన్ని ఇండ్లలో కథలవలె చెప్పుకొనెడివారు. కళాశాల ప్రాంతము అంతటికిని అది ఒక గుర్తు కాదా?

పట్టణము అంచు దాటినచో నగునూరు వచ్చును. నేడది కరీంనగరమునకు కూతవేటు దూరము. అచ్చట ఒక కోట ఉండెడిది. నల్లరాతి గుళ్ళు ఉన్నవి. మూడు గర్భగృహములతో ఒకే మండపమును పంచుకొనిన శివాలయము, త్రికూటాలయము, ఉన్నది. హనుమకొండలోని వేయిస్తంభముల గుడిలో 1163వ సంవత్సరపు కాకతి రుద్రదేవుని శాసనమున దొమ్మరాజు అను ఒక ప్రభువుపై గెలుపు చెప్పబడినది. అతనిని చరిత్రకారులు నగునూరు ప్రభువుగా గుర్తించినారు. అనగా కరీంనగరమునకు ఎనిమిది వందల ఏండ్లకు పైబడిన పొరుగువాడు నగునూరు. పొలములో నాగలికి తగిలిన చెక్కడపు రాయిని ఆ ఊరి రైతు ఒక గట్టుమీద నిలిపి పసుపు కుంకుమ పెట్టును. మ్యూజియము ఎరుగని రోజులలో మన పల్లెలు పాతవానిని కాపాడిన విధము అదియే.

ఇంతకంటె పెద్ద సాక్ష్యము జగిత్యాల దారిలో ఉన్నది. గంగాధర మండలమున కురిక్యాల చెంత ఒక గుట్ట. దానిని జనులు బొమ్మలమ్మ గుట్ట అందురు. గుట్ట రాతిపై జైన తీర్థంకరుల, చక్రేశ్వరీదేవి ప్రతిమలు చెక్కబడియున్నవి. వానిని చూచిన గొల్లపిల్లలు, కూలి స్త్రీలు తమకు తోచిన పేరు పెట్టుకొన్నారు. ఆ బొమ్మల క్రింద సుమారు 945వ సంవత్సరము నాటి ఒక శాసనమున్నది. వేములవాడ చాళుక్యుల కాలమున, కన్నడ ఆదికవి పంపని తమ్ముడు జినవల్లభుడు దానిని వేయించెను. సంస్కృతము, కన్నడము, తెలుగు అను మూడు భాషలు అందులో ఉన్నవి. తెలుగున మూడు కంద పద్యములున్నవి. నన్నయభట్టు భారతము వ్రాయుటకు సుమారు ఒక శతాబ్దము ముందే ఈ కరీంనగరపు రాతిపై కందము నడచినది! 2008లో మన భాషకు ప్రాచీన హోదా లభించినప్పుడు ఈ గుట్ట పేరు పండితుల నోట మరల మరల వినబడినది. కాని ఆ గుట్టను వేయి సంవత్సరములు గుర్తుంచుకొన్నవారు పండితులు కారు. బొమ్మలమ్మా అని మ్రొక్కిన ఊరివారు.

ఇక మానేరు. గోదావరికి ఉపనది అయిన ఈ ఏటిపై కరీంనగరపు అంచున దిగువ మానేరు ఆనకట్ట నిర్మాణము 1974లో మొదలై 1985 నాటికి ముగిసినది. దాదాపు 24 శతకోటి ఘనపుటడుగుల నీరు అందు నిలుచును. శ్రీరామసాగరమునుండి కాకతీయ కాలువ తెచ్చు నీటికి అది నడిమి మజిలీ. పొలములు పండినవి, పట్టణమునకు త్రాగునీరు వచ్చినది. ఆ నీటి అడుగున కొందరి ఇండ్లు, బావులు, ఊరి గుళ్ళు ఉన్నవనుటయు మరువరాదు. ముంపునకు ఊరు విడిచిన వృద్ధుడు కట్టపై నిలుచుండి నీటివైపు చేయి చూపి, "మా ఇల్లు గక్కడ" అని చెప్పగా వినని కరీంనగరవాసి అరుదు. నీటిపై చేయి చూపి ఇల్లు చెప్పుట! అతనికి అది చరిత్ర కాదు, చిరునామా.

ఆనకట్ట పనికి వచ్చిన ఇంజనీర్లు, పనివారు కాపురమున్న చోటికి ఎల్.ఎం.డి. కాలని అను పేరు నిలిచినది. మూడు ఆంగ్ల అక్షరములు ఒక ఊరి పేరైనవి. 2023 జూన్ నెలలో మానేటిపై ఉక్కు తీగల వంతెన ప్రారంభమైనది. సాయంకాలము దీపములు వెలుగగా పిల్లలతో అచ్చటికి షికారు పోవుట నేటి వేడుక. అదియు ఒక గుర్తుగా నిలుచును. రేపటి ముసలివారు "తీగల వంతెన కాడ తిరుగు బిడ్డా" అందురు.

పట్టణము 2005లో మహానగరపాలక సంస్థయైనది. ఆ తరువాత రేకుర్తి, సీతారాంపూర్, ఆరెపల్లి వంటి ఊళ్ళు అందులో కలిసినవి. 2025లో కొత్తపల్లి పురపాలక సంఘముతోపాటు బొమ్మకల్, దుర్శేడు, చింతకుంట మొదలైన గ్రామములును కలిసినవి. వీధి దీపములు, మురుగు కాలువలు, నల్లా నీరు రావలసినదే, కాదనువారు లేరు. కాని ఊరు డివిజను అగునప్పుడు దానికొక సంఖ్య వచ్చును. కొత్తగా గీచిన ప్లాట్లకు అమ్మువారు వినసొంపైన పేరు పెట్టుదురు. పది ఏండ్లు గడచునప్పటికి కుంట పేరు కాగితములో ఉండదు, గట్టు పేరు నోటిలో ఉండదు. ఇది కేవలము ముచ్చట కొరకు చెప్పుట లేదు. కుంట అను పేరు మరచి అచ్చట ఇల్లు కట్టుకొన్నవానికి, పెద్దవాన కురిసిన రాత్రి నీరు ఆ పేరును గుర్తు చేయును.

గోదావరి దాటి ఉత్తరమునకు పోదము. ఆదిలాబాదు కథయు 1905తోనే ముడిపడినది. అంతకు పూర్వము, 1872 నుండి, ఆ ప్రాంతము సిర్పూరు-తాండూరు అను ఉపజిల్లా. 1905లో అది పూర్తి జిల్లాయై ఆదిలాబాదు కేంద్రమైనది. బిజాపురపు ఆదిల్‌షాహీల పేరున ఆ పేరు వచ్చినదందురు. పాత కాగితములలో ఎద్లాబాదు అని కలదు. ఊరి పెద్దలకు అది ఎదులాపురము. ఒకే ఊరికి పాదుషా పెట్టిన పేరు ఒకటి, రైతు పలికిన పేరు ఒకటి.

ఆదిలాబాదు చుట్టునున్న వాడల పేరులను ఒకసారి వరుసగా చదివి చూడుడు: మావల, దస్నాపూర్, భుక్తాపూర్, తిర్పెల్లి, బొక్కలగూడ, బ్రాహ్మణవాడ. ఒక పేరు పల్లి, ఒకటి పూర్, ఒకటి గూడ, ఒకటి వాడ. తెలుగు, ఉర్దూ, మరాఠీ, గోండీ భాషలు నాలుగును ఆ ఊరి అంగడిలో నేటికిని వినబడును. ప్రత్తి బండ్లు వచ్చు కాలమున మార్కెట్టు యార్డు గేటువద్ద నిలుచుండి వినుడు; బేరము ఒక భాషలో మొదలై మరియొక భాషలో ముగియును. ఆ ఊరి రైలుపట్టాలు కూడ మహారాష్ట్రలోని ముద్ఖేడువైపే సాగును. సరిహద్దు అనునది పటములోని గీతయే గాని వాడలోని గోడ కాదని ఆదిలాబాదు శివార్లు మనకు నేర్పును.

ఆ పట్టణమునకు సుమారు 20 కిలోమీటర్ల దూరమున జైనథ్ ఉన్నది. పేరులో జైనము వినబడుచున్నది. ఆలయములో లక్ష్మీనారాయణస్వామి కొలువైయున్నాడు. మాళవదేశపు పరమార వంశమునకు చెందిన జగద్దేవుని శాసనము అచ్చట దొరకినది. ఎచ్చటి మాళవము, ఎచ్చటి పెన్‌గంగ! కార్తీకమున ఆ గుడి తిరునాళ్ళకు ఎడ్లబండిపై పోయిన నాయనమ్మలకు పరమారులు తెలియకపోవచ్చును. కాని సూర్యకిరణము స్వామి పాదములపై పడు వేళ మాత్రము వారికి తెలియును.

నిర్మలలో ఒక మర్రి ఉండెడిది. 1857 నాటి తిరుగుబాటు వేడి చల్లారక మునుపే గోండు వీరుడు రాంజీ గోండు ఆంగ్లేయులపైన, నిజాము బలములపైన తిరుగబడి పోరాడెను. 1860లో అతనిని, అతని అనుచరులను పట్టి ఆ మర్రికి ఉరితీసిరని చెప్పుదురు. నాటినుండి అది వెయ్యి ఉరుల మర్రి అయినది. నేడా చెట్టు లేదు; పేరు ఉన్నది. వ్రాతలో అంతగా నిలువని ఒక గోండు నాయకుని కథను ఒక చెట్టు పేరు నూరేండ్లకు పైగా మోసినది. ఊరివారు ఆ పేరు మరచియున్నచో రాంజీ గోండు ఎచ్చట దొరకును? పేరు నిలుపుట ఎంత పెద్ద పనియో తెలియుటకు ఈ ఒక్క నిదర్శనము చాలును.

ఇప్పుడు "మాది కొత్త కాలని" అనిన ఆ విద్యార్థికి సమాధానము చెప్పవలెను. కొత్తపేట అను ఒక చిన్న ఊరిలో కాగితపు మిల్లు వెలసి, 1942లో ఉత్పత్తి మొదలు కాగా, ఆ ఊరు కాగజ్‌నగరమైనది. 2014లో మిల్లు మూతపడినప్పుడు ఊరి పేరే వెక్కిరించినట్లు తోచినదని అచ్చటివారు చెప్పుకొనిరి. 2018లో అది తిరిగి తెరువబడినది. మంచిర్యాలలో హమాలివాడ ఉన్నది. బస్తాలు మోసిన భుజముల పేర ఒక వాడ! రాజుల పేర ఊళ్ళు వేలు ఉండవచ్చును. కూలివాని పేర ఉన్న వాడ దానికి తీసిపోదు. గోదావరిఖనిలో ఎనిమిదవ ఇంక్లైను కాలని ఉన్నది. ఇంక్లైను అనగా నేలలోనికి ఏటవాలుగా దిగు గని దారి. ఆ దారిన దిగి బొగ్గు తవ్విన కార్మికుల కొరకు వెలసిన ఇండ్ల వరుసకు గని సంఖ్యయే పేరైనది. తెల్లవారుజామున సైరను కూత, తలపై దీపము, సద్ది డబ్బా, మూడు పాళీల కాపురము - ఇవి ఆ పేరులో ఉన్నవి. అది చరిత్ర కాదా? కొత్త కాలనికి చరిత్ర లేదనుట సరికాదు. దానిని చూచినవారు ఇంకను బ్రతికియుండుటయే దాని కొత్తదనము. పాత ఊరి చరిత్రను శాసనములో చదువవలెను. కొత్త కాలని చరిత్రను ఎదురింటివారిని అడిగి వ్రాసికొనవచ్చును. రెండవదే సులభము. మనము చేయనిదియు రెండవదే.

ఈ సందర్భమున మా తప్పొకటి ఒప్పుకొనవలసియున్నది. ఆ ముసలవ్వ అరుగుపై మేము ఆనాడు అరగంట కూర్చుంటిమి. ఆ వాడలో ఎవరి ఇల్లు మొదటిది, బావి ఎవరు త్రవ్వించిరి, చింతచెట్టు క్రింద బతుకమ్మ ఆడునప్పుడు ఎవరు పాట ఎత్తుకొనెడివారు - అన్నియు ఆమె చెప్పినది. "అవ్వా, వచ్చే నెల రికార్డు చేయు యంత్రము తీసికొని వత్తుము, మరల చెప్పవలెను" అంటిమి. ఆమె, "చెప్పుత బిడ్డా, నేనేడికి పోత?" అనినది. వచ్చే నెల వేరొక పని వచ్చినది. ఆపై నెల మరియొకటి. మేము పోవునప్పటికి అరుగు ఉన్నది, అవ్వ లేదు. మనుమడు మర్యాదగా కూర్చుండబెట్టి టీ ఇచ్చినాడు. ఆ చింతచెట్టు మూలను ఇప్పుడేమందురని అడిగితిమి. "ఏ.టి.ఎం. మూల అంటరు సార్" అనినాడు. బావి ఎవరు త్రవ్వించిరో అతనికి తెలియదు. అవ్వ చెప్పిన ఆ పేరు మాకును గుర్తు లేదు. అరగంట సేపు విని కాగితముపై పెట్టని పేరు అది.

కనుక శ్రోతలకు మా మనవి ఇది. ఇంటికొక పెద్ద ఉన్నచోట పిల్లల చేత ఒక నోటు పుస్తకము తెరిపింపుడు. మన వాడకు ఈ పేరు ఎట్లు వచ్చినది, మొదటి ఇల్లు ఎవరిది, నీరు ఎచ్చటినుండి తెచ్చుకొనిరి, బొడ్రాయి ఎచ్చట, బతుకమ్మను ఏ నీటిలో వదలిరి, ఇప్పుడు లేని చెట్టు ఏది - ఈ ఆరు ప్రశ్నలు అడిగించి, చెప్పినవారి మాటలోనే వ్రాయింపుడు. వ్రాసినది ఎవరు, ఏ తేదీ అనునది క్రింద వేయింపుడు. అవ్వ ఒకటి, తాత మరియొకటి చెప్పినచో రెండును వ్రాయింపుడు. ఏది నిజమో తరువాత తేల్చుకొనవచ్చును. ఊరు కార్పొరేషనులో కలిసినను, కాలనికి కొత్త బోర్డు వచ్చినను ఆ పుస్తకము మీ బీరువాలో నిలుచును.

పెద్ద కోటలను కాపాడుటకు ప్రభుత్వ శాఖలున్నవి. పూడిన బావులకు, కొట్టివేసిన చెట్లకు మన ఇండ్లు తప్ప వేరు దిక్కులేదు. ఈ ప్రసంగము ముగియగానే రేడియో కట్టి, ఇంటిలోని పెద్దవారిని ఒక ప్రశ్న అడుగుడు. మేము చేసినట్లు వచ్చే నెలకు వాయిదా వేయకుడు.